పన్నెండు వాకిళ్ల నందివర్ధనం

పొద్దున లేస్తూనే దుర్గ పక్కలో ఉన్న పిల్ల నుదుటి మీద చెయ్యి వేసి చూసుకునేది. వేడి లేదని నమ్మకం కుదిరాక తలుపు తీసి పెరట్లో నందివర్ధనం చెట్టు దగ్గరికి పోయేది. రెండూ బాగుంటేనే పొయ్యి వెలిగించడానికి చేతులాడేవి. చెట్టుకు ఎక్కడైనా ఒక్క ఆకు పండి కనబడిందా, మళ్లీ లోపలికొచ్చి పిల్ల వీపు, కడుపు, అరికాళ్లు తడిమేది. నిద్ర చెడిన జానకి ఏడుపు అందుకునేది.

"సల్లగ పండుకున్న పిల్లను లేపి ఏడిపిస్తవేందే" అని మొగుడు ప్రభాకర్ దుప్పటి ముసుగులోంచే గొణిగేవాడు.

దీనికంతటికీ మూలం రెండేళ్ల కిందటి ఒక మాట. అప్పుడు వాళ్లు కొత్తగూడెంలో షుకూర్ గారింటి వెనక గదిలో కిరాయికి ఉండేవారు. షుకూర్‌కి పరుపులు కుట్టే దుకాణం. ప్రభాకర్ లారీ నడిపేవాడు. దుర్గ నిండు చూలాలిగా ఉన్నప్పుడు ఎవరో ఇచ్చిన నందివర్ధనం కొమ్మను పెరట్లో గుచ్చితే అది నాటుకుంది. జానకి పుట్టిన ఏడో రోజున బొడ్డు ఊడింది. ఊరి నుంచి వచ్చిన అత్త రామక్క ఆ బొడ్డును పసుపు రాసిన గుడ్డలో చుట్టి, తీసుకెళ్లి ఆ చెట్టు మొదట్లో పాతిపెట్టింది. చేతులు కడుక్కుంటూ అన్నది:

"ఇగ ఈ చెట్టూ పిల్లా ఒక్కటే. దీన్ని గోటితోని గూడ గిల్లకుండ్రి."

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి వెళ్లిపోయింది. దుర్గకు అప్పుడు ఇరవై ఏళ్లు. కన్నతల్లి లేదు. పాలు సరిగ్గా పడలేదు. పిల్ల ఎందుకు ఏడుస్తుందో, ఎందుకు ఏడవటం లేదో, ఏదీ తెలిసేది కాదు. నిద్రపోతున్న పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకుంటూ కూర్చునేది. పిల్ల మాట్లాడదు, చెట్టు మాత్రం చెబుతుంది. ఆకు నిగనిగలాడితే పిల్ల బాగున్నట్టు. అలా ఆ మాట ఆమెలో వేళ్లూనుకుంది. రెండేళ్లలో చెట్టు ఆమె తలను మించి ఎదిగింది. ఒక్క కొమ్మ విరవలేదు, ఒక్క పువ్వు తెంపలేదు. దేవుడికి కూడా రాలిన పూలే ఏరి పెట్టేది.

"నువ్వు చెట్టుకు భయపడ్తవ్, చెట్టు నిన్ను జూసి భయపడ్తది" అని ఇంటావిడ రహీమున్నీసా నవ్వేది.

ఈ వేసవిలో షుకూర్ పెద్దకొడుకు అర్షద్‌కి పెళ్లి కుదిరింది. వెనక గదులు పడగొట్టి పైకి మిద్దె వేయాలనుకున్నారు. ముగ్గుపోసిన పునాది గీత సరిగ్గా నందివర్ధనం మీదుగా పోయింది. వేరే గది దొరికేదాకా తల్లీపిల్లా ఊరికెళ్లి రామక్క దగ్గర ఉండాలని, తను వారానికోసారి వచ్చిపోతానని ప్రభాకర్ తేల్చేశాడు. ఊరంటే భద్రాచలం పోయే దారిలో రోడ్డు దిగి నాలుగు కిలోమీటర్లు లోపలికి, అడివంచున.

"చెట్టును ఇడిసిపెట్టి రాను" అన్నది దుర్గ.

చెట్టు తీసే రోజు షుకూర్ స్వయంగా గడ్డపార పట్టుకొచ్చాడు. మనిషి మెత్తని మనిషి. చుట్టూ గాడి తీసి, వేళ్లతో సహా మట్టిగడ్డను లేపి తడి గోనెసంచిలో కట్టాడు. చెట్టు ఎత్తు ఐదున్నర అడుగులు, గుబురు నాలుగడుగులు. కిందకు వచ్చిన మట్టిగడ్డ మాత్రం వంటగిన్నెంత. పెద్ద వేళ్లు నాలుగు గడ్డపారకు తెగిపోయాయి.

"బేటీ, కొమ్మలు కొట్టెయ్యి. గింత చెట్టు ఆటోలో ఎట్ల పడ్తది?" అన్నది రహీమున్నీసా.

"వద్దు ఖాలా. నేను పట్టుకోని కూసుంట."

"సరే తియ్. నాకైతే ఒక్క కొమ్మ ఇచ్చిపో. మిద్దె కట్టినంక ముందట పెట్టుకుంట."

దుర్గ చెట్టును దగ్గరికి లాక్కుంది. బాలింతగా ఉన్నప్పుడు వెల్లుల్లి కారం నూరి పెట్టింది ఈవిడే. పిల్లకు పసిరికలు వచ్చి ఒళ్లు పచ్చబడిన రోజు రిక్షా పిలిచి దవాఖానాకు తీసుకెళ్లింది ఈవిడే. అడిగింది జానెడు కొమ్మ. కానీ కత్తి అనగానే ఆమెకు కనబడేది కొమ్మ కాదు.

"చెట్టు బతికినంక పంపిస్త ఖాలా" అన్నది తల దించుకుని.

రహీమున్నీసా ముఖం చిన్నబోయింది. "అచ్ఛా" అని జానకి చేతిలో బిస్కెట్ పాకెట్టు పెట్టి లోపలికి వెళ్లిపోయింది. దుర్గ ఆ చోటు మట్టిని రెండు సిమెంటు సంచుల్లోకి ఎత్తింది. బొడ్డు ఏ పెళ్లలో ఉందో ఎవరికి తెలుసు?

"మట్టి గూడ కిరాయిల జమేనా? వదిలిపెట్టే" అన్నాడు ప్రభాకర్. ఆమె నవ్వలేదు.

ట్రాలీ ఆటో వెనక సామాన్ల మధ్య దుర్గ చెట్టును రెండు చేతులా పట్టుకుని నిలబడింది. పాల్వంచ దాటాక ఎండ, వడగాలి. ఎదురుగా వచ్చిన లారీలు పోయినప్పుడల్లా చెట్టు పెద్ద పక్షిలా కొట్టుకుంది. ముందు సీట్లో తండ్రి ఒళ్లో పిల్ల నిద్రపోయింది. ముందు సీటు వెనకున్న అద్దంలోంచి పిల్లను చూడటం, ఇటు తిరిగి ఆకుల్ని చూడటం, అదే పనిగా దారంతా గడిచింది.

ఊళ్లో రామక్క పక్కింట్లో బొజ్జయ్య ఉంటాడు. డెబ్బై దాటాయి. ఫారెస్టు నర్సరీలో ముప్పై ఏళ్లు మాలిగా చేసి మానుకున్నవాడు. ఇంట్లో భార్యతో కోయ మాట్లాడతాడు, బయట తెలుగు. దుర్గ పెరట్లో గొయ్యి తీసి చెట్టు దింపి మట్టి పోస్తుంటే కంచె అవతల నిలబడి చూశాడు. చెట్టునొకసారి, దాని కాలి దగ్గరి మట్టిగడ్డనొకసారి చూశాడు.

"ఏం బిడ్డా, తల ఇంత పెద్దగున్నది, నోరు గింతే ఉన్నది. ఎట్ల బతుకుతది?"

"నీళ్లు బాగ పోస్త తాతా."

"నీళ్లు తాగేటిది ఏది? ఏర్లు తెగినయి గదా. పైనున్న ఆకులన్నీ ఎండకు నీళ్లు ఒదుల్తనే ఉంటయి. కింద గుంజేటోడు లేడు. నా మాట ఇను. ఆకంత దూసెయ్. కొమ్మలు మోకాలెత్తుకు కోసెయ్. మోడు లెక్క కనబడాలె. పదిహేను, ఇరవై రోజులల్ల మళ్ల చిగురేస్తది."

"కొయ్య తాతా" అన్నది దుర్గ గట్టిగా. ఎందుకో చెప్పలేదు.

"నీ చెట్టు, నీ ఇష్టం" అని బొజ్జయ్య బీడీ ముట్టించుకున్నాడు. "పువ్వులన్న తెంపు. సావబోతున్న చెట్టు పువ్వులు మొయ్యలేదు."

ఆ 'సావబోతున్న' అన్న మాట విని ఆమె ఇంకో చెంబెడు నీళ్లు పోసింది.

రెండో రోజు ఆకులు కిందికి వేలాడాయి. మూడో రోజు మొగ్గలు రాలాయి. నాలుగో రోజు అడుగు ఆకులు పసుపెక్కాయి. బోరింగు దగ్గర్నుంచి బిందెలకు బిందెలు మోసి పోసింది. పాదు బురద అయిపోయింది. చీర ఒకటి తెచ్చి నాలుగు కర్రలు పాతి పైన నీడ కట్టింది. చూసినవాళ్లు పందిరేమో, పెళ్లెవరికని అడిగారు.

ఐదో రోజు జానకికి విరేచనాలు పట్టుకున్నాయి.

నీళ్లు మారాయి, పైగా దారిలో కొన్న ఐస్‌ఫ్రూటు తిన్నది. ఎవరికైనా తెలిసే కారణాలే. దుర్గకు మాత్రం ఒకటే కారణం కనబడింది. పిల్లను చంకనేసుకుని చెట్టు దగ్గరికి, చెట్టు దగ్గర్నుంచి ఇంట్లోకి తిరిగింది. ఆశా వర్కర్ సుజాత ఓఆర్‌ఎస్ పాకెట్లు, జింకు బిళ్లలు తెచ్చిచ్చింది. పాకెట్టు మీద రాసింది దుర్గ మూడుసార్లు చదివింది. తొమ్మిదో తరగతితో ఆగిన చదువు ఆ పూట అక్కరకొచ్చింది. లీటరు నీళ్లు కొలిచి కలిపి, చెంచా చెంచా పట్టింది. రెండు రోజుల్లో విరేచనాలు కట్టాయి. మూడో రోజుకి పిల్ల లేచి కోడిపిల్లల వెంట పరుగెత్తింది.

చెట్టు మాత్రం ఇంకా వాడుతూనే ఉంది.

ఇది దుర్గను మరీ భయపెట్టింది. పిల్ల నవ్వుతోంది, చెట్టు ఎండుతోంది. అంటే పిల్ల లోపల ఇంకేదో ఉండి ఉండాలి, పైకి కనబడనిది. మర్నాడు మళ్లీ సుజాత దగ్గరికి ఎత్తుకెళ్లింది. సుజాత పిల్లను తక్కెడ సంచిలో కూర్చోబెట్టి తూచింది, కళ్లు, నాలుక చూసింది.

"పదకొండు కిలోల దగ్గరికొచ్చింది. మంచిగున్నది. నీకేమనిపిస్తున్నది దుర్గా, ఏం తక్కువైంది?"

"ఏమో అక్కా. లోపల ఏమన్న..."

"పిల్లకు ఏ రోగం లేదు. నువ్వే రాత్రి తిన్నవో లేదో చెప్పు ముందుగాల."

దుర్గ పిల్లను చంకనేసుకుని వచ్చేసింది. ఇంటికొచ్చేసరికి బొజ్జయ్య కంచె దాటొచ్చి చెట్టు దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు. బొటనవేలి గోటితో కాండం మీద బెరడు కొద్దిగా గీకాడు. దుర్గ పరుగెత్తుకొచ్చింది.

"తాతా, గిల్లకు!"

"గిల్లలే బిడ్డా, నాడి చూస్తున్న. ఇటు చూడు. తోలు కింద పచ్చగున్నదా? అంటే పానమున్నది. పైకెళ్లి ఇక్కడ చూడు, గోధుమ రంగు తిరిగింది. పైనుంచి కిందికి ఎండుకుంట వస్తున్నది. ఇయ్యాల రేపట్ల కోస్తే కింద పచ్చ మిగుల్తది. ఎల్లుండికి నేను గూడ ఏం చెయ్యలేను."

లేచి చేతులు దులుపుకున్నాడు. "నర్సరీల పెద్ద చెట్లు మార్చినప్పుడు కొత్త పోరగాళ్లు గిట్లనే ఏడ్చేటోళ్లు, మంచి కొమ్మ సారూ, పువ్వున్నది సారూ అని. కొయ్యనోని చెట్టు ఒక్కటి గూడ నిలబడలే."

ఆ సాయంత్రం రామక్క వాకిట్లో కూర్చుని నూనె ఆడించడానికి ఇప్పగింజల పలుకులు ఒలుస్తోంది. నేల మీద గుట్ట. జానకి ఒక్కో పలుకూ తీసి చెంబులో వేస్తోంది. దుర్గ ఎదురుగా కూర్చుంది. తనూ నాలుగు పలుకులు ఒలిచింది.

"అత్తా. చెట్టును కొయ్యాలంటున్నడు తాత."

"కొయ్యమన్నంక కొయ్యాలె. ఆయనకు తెల్వదా?"

"నువ్వే గదా వద్దన్నవ్."

"నేనా? నేనెప్పుడన్న?"

"బొడ్డు పాతిపెట్టిననాడు. చెట్టూ పిల్లా ఒక్కటే, గోటితోని గూడ గిల్లొద్దన్నవ్."

రామక్క చెయ్యి ఆగింది. గుర్తు చేసుకోవడానికి నిజంగానే ప్రయత్నించింది. కనుబొమలు ముడిచి చూరు వైపు చూసింది.

"బొడ్డు పాతిపెట్టిన, అవ్. పసుపుగుడ్డల చుట్టిన. ఆ రోజు బస్సు బంద్ అని రెండు పూటలు ఆగిన. గీ మాట అన్ననా? ఏమోనమ్మా, నాకు యాదికి లేదు. మా అత్త అంటుండె గట్ల, నా నోట్లె గూడ వచ్చిందేమో."

"రెండేళ్ల నుంచి నేను..." అన్నది దుర్గ.

"రెండేళ్ల నుంచి ఏంది?"

"ఏం లేదు."

రామక్క మళ్లీ ఒలవడంలో పడింది. ఆమె మీద కోపం వస్తుందేమోనని దుర్గ ఎదురుచూసింది, రాలేదు. అన్న మనిషి మరిచిపోయింది. అంత మాత్రాన మాట అబద్ధమైపోతుందా? వాళ్ల అత్త ఎందుకన్నదో, ఆమెకు ఎవరు చెప్పారో. ఒకవేళ నిజమే అయితే? కోస్తే ఏమవుతుందో తెలియదు. కొయ్యకపోతే ఏమవుతుందో మాత్రం బొజ్జయ్య గోటితో గీకి చూపించాడు. ఇప్పుడు అడగడానికి ఎవరూ మిగలలేదు. కొయ్యమన్నా వద్దన్నా తనే అనుకోవాలి. ఇంత వయసొచ్చాక ఒక పని తనంతట తను నిర్ణయించుకోవడం అదే మొదలని ఆమెకు ఆలస్యంగా తట్టింది. పెళ్లి కూడా ఎవరో కుదిర్చిందే.

మర్నాడు పొద్దున్నే ఎండ ఎక్కకముందే పిల్లకు జావ తాగించి, చెట్టు పక్కనే చాప వేసి కూర్చోబెట్టింది. ఎదురుగా ఉంటే ఏమైనా వెంటనే తెలుస్తుంది కదా అని. బొజ్జయ్య నర్సరీ నాటి కొమ్మల కత్తెర నూనె రాసి తెచ్చాడు. తను కొయ్యలేదు, ఆమె చేతికే ఇచ్చాడు.

"కణుపుకు మీద, ఏటవాలుగ. భయపడుకుంట కొయ్యకు. నలిగితే కుళ్లుతది. ఒక్కటే దెబ్బ."

మొదటి కొమ్మ దగ్గర కళ్లు మూసుకుంది. 'టక్' మన్నది. కళ్లు తెరిచి ముందు పిల్లను చూసింది. జానకి రాలిన ఆకును నోట్లో పెట్టుకోబోతోంది. చటుక్కున లాగేసింది. తెగిన చోట తెల్లగా పాలు ఊరి బొట్లు బొట్లుగా కారాయి.

"తాతా, పాలు!"

"పాలు రాకుంటె ఏడ్వాలె గని వస్తే ఏడుస్తవేందే? పాలున్నయంటె పానమున్నట్టు. కొయ్యి."

రెండోది కోసింది. పిల్లను చూసింది. మూడోది. పిల్లను చూసింది. ఏడో కొమ్మ దాకా అలాగే. ఆ తర్వాత పిల్ల ఆ ముక్కలన్నీ పోగేసి ఇల్లు కడుతుండటంతో, కోసిన ప్రతి కొమ్మకీ ఆమె వైపు చెయ్యి చాపి "ఇంకోతి" అనడం మొదలుపెట్టింది. గంటకల్లా చెట్టు మోకాలెత్తు మోడు అయింది. కోసిన మొనలకు బొజ్జయ్య పేడ మెత్తి, పాదులో బురద తీసి పొడిమట్టి కప్పి, "ఇగ నీళ్లు రెండు రోజులకోసారి చెంబెడే. దాన్ని ఊపిరి తీసుకోనీ" అన్నాడు.

దుర్గ మోడు వంక చూడలేక కోసిన కొమ్మల పోగు వంక చూసింది. ఇప్పుడు వీటినేం చెయ్యాలి? పారేస్తే?

"పారెయ్యకు" అన్నాడు బొజ్జయ్య ఆమె అడగకుండానే. "ఎండినయి ఏరి అవతల పెట్టు. పెన్సిలు లావుండి పచ్చగున్నయి ఉంచు. జానెడు జానెడు ముక్కలు చేద్దం."

కింది కొస ఏటవాలుగా, పై కొస సూటిగా కొయ్యాలి. లేకపోతే గుచ్చేటప్పుడు తల ఏదో కాలు ఏదో తెలియక తలకిందులు నాటేస్తారు. పైన రెండు ఆకులుంచి, వాటినీ సగానికి కత్తిరించాలి. కారే పాలు నీళ్లలో కడిగి, కొసను పొయ్యిబూడిదలో అద్ది కాసేపు నీడన ఆరనివ్వాలి. వాగు ఇసుక, ఎర్రమట్టి సమంగా కలిపిన కవర్లో రెండు కణుపులు మునిగేలా గుచ్చాలి. బొజ్జయ్య అటక మీద నర్సరీ నల్ల కవర్లు ఇంకా ఉన్నాయి. చాలనివి పాల పాకెట్లు. మధ్యాహ్నానికి ముప్పై నాలుగు కవర్లు చూరు నీడన వరుసగా నిలబడ్డాయి. దుర్గ చేతులకు పాల జిగట, బూడిద. ఆకలి వేస్తోందని ఎన్నాళ్ల తర్వాతో తెలిసింది.

బోరింగు దగ్గరికి వచ్చే ఆడవాళ్ల కళ్లు వాటి మీద పడకుండా ఎలా ఉంటాయి? పక్క తండా నుంచి వచ్చే ద్వాలి అందరికంటే ముందు అడిగింది. దుర్గ కంటే రెండేళ్లు పెద్ద, ముగ్గురు పిల్లల తల్లి, నోరు పెద్దది.

"దుర్గా, నాకొక్కటియ్యే. మా ఇంటి ముందట పువ్వన్నదే లేదు, మిరపతోట తప్ప."

దుర్గ బొజ్జయ్య వంక చూసింది.

"ఇయ్యి. ఒక్కచోట ఉంటే ఒక్క రోజుల పోతయి. పదిచోట్ల ఉంటే ఎక్కడన్న ఒకటి నిలుస్తది" అన్నాడాయన.

ఆ మాట ఆమెకు నచ్చింది. ద్వాలికిచ్చింది. అంగన్‌వాడీకిచ్చింది. రోడ్డు మీద చాయ్ హోటలు నడిపే రామ్‌సింగ్‌కి, చెరువు గట్టున ఒంటరిగా ఉండే ముసలి బద్యాకి, సుజాతకి, అలా పదకొండు ఇళ్లకు వెళ్లాయి. ప్రభాకర్ వచ్చిన వారం రెండు కవర్లు తడిగుడ్డలో చుట్టి అతని చేతికిచ్చింది.

"ఖాలాకియ్యి. అప్పుడే ఇయ్యనందుకు ఏమనుకోవద్దన్ననని చెప్పు."

"గిది నువ్వే ఫోన్ల చెప్పరాదూ?"

"నాకు సిగ్గయితది. నువ్వే చెప్పు."

కొత్తగూడెంతో కలిపి మొత్తం పన్నెండు వాకిళ్లు.

అయితే ఒకటి జరిగింది. ఎవరూ అనుకోనిది కాదు, దుర్గ సంగతి తెలిసినవాళ్లెవరైనా అనుకోవలసిందే. ఒక చెట్టుకు పడే భయం పన్నెండుకు పడటం మొదలుపెట్టింది. పొద్దున గంజి కాగానే పిల్లను చంకనేసుకుని బయల్దేరేది. ముందు అంగన్‌వాడీ, తర్వాత హోటలు, చెరువుగట్టు, చివరికి తండా. ఒకచోట "నీళ్లెక్కువ పోసినవ్ పెద్దయ్యా", ఇంకోచోట "ఎండల పెట్టినవేంది అన్నా, జర నీడకు జరుపు." కొత్తగూడేనికి రోజూ ఫోను. రహీమున్నీసా ఫోటో తీసి పంపేది, కొమ్మ పక్కన నవ్వుతున్న అర్షద్‌తో సహా.

"చెట్ల ఇనస్పెట్టరమ్మ వచ్చింది, లెవ్వుండ్రి" అని రామ్‌సింగ్ హోటల్లో చాయ్ తాగేవాళ్లను లేపేవాడు. బద్యా అయితే ఆమె దూరంగా కనబడగానే కవరు ఎత్తి చూపించేవాడు, బతికే ఉంది, రానక్కర్లేదన్నట్టు.

మూడో రోజే సుజాత ఇంటిది ఎండిపోయింది. ఆ రోజు దుర్గ ఇంటికి పరుగున వచ్చి థర్మామీటరు పెట్టింది. తొంభై ఎనిమిది. మళ్లీ పెట్టింది. తొంభై ఎనిమిది. ఆ రోజు అన్నం సహించలేదు. ఇలా పద్దెనిమిది రోజులు. ఈలోపు రెండు వానలు పడ్డాయి.

అన్నిటికంటే బాగా ఉన్నది ద్వాలి ఇంటిది. మిగతావాటికి కత్తిరించిన సగం ఆకులు అలాగే బిగుసుకుని ఉంటే, దీనికి కొత్తగా నాలుగు ఆకులు వచ్చాయి, నిగనిగలాడుతూ. తండాకు చివర్న వచ్చినప్పుడు దాన్ని చూస్తే దుర్గకు ప్రాణం లేచొచ్చేది. మిగతా వాకిళ్ల దిగులంతా అక్కడ దించుకుని, నిశ్చింతగా ఇంటికెళ్లి నాలుగు ముద్దలు తినేది.

"నీ చెయ్యి మంచిది ద్వాలీ. ఏం పోస్తున్నవే దీనికి?"

"ఏం పోస్త, బియ్యం కడిగిన నీళ్లు" అని ద్వాలి లోపలికి వెళ్లిపోయేది. మామూలుగా అయితే అరగంట మాట్లాడనిదే వదలని మనిషి.

ఒకరోజు బొజ్జయ్య తండాలో ఎవరినో చూడటానికి వెళ్తుంటే దుర్గ వెంట తీసుకెళ్లింది. "తాతా, ద్వాలి ఇంటిది చూద్దువు రా. నీ నర్సరీల గూడ గట్ల పెరిగి ఉండదు."

బొజ్జయ్య వంగి చూశాడు. ఒక ఆకు తుంచి పాలు చూశాడు, వాసన చూశాడు. ముఖం మీదికి నవ్వు మెల్లగా వచ్చింది.

"ఇది కొడిశ గదనే బిడ్డా. అడివిల ఎక్కడ చూసినా ఉంటది. దీనికీ పాలుంటయి, ఆకు గూడ గిట్లనే ఉంటది. ఏరుతోని తవ్వి తెచ్చి పెట్టిన్రు, పెరగక ఏం చేస్తది?"

దుర్గ గుమ్మం వైపు తిరిగింది. ద్వాలి పిండి చేతులతో బయటికొచ్చింది.

"నేనేం చెయ్యనే!" అన్నది ద్వాలి గొంతు పెంచి. తప్పు చేసినప్పుడు ఆమె గొంతు ఇంకా పెరుగుతుంది. "నువ్విచ్చిన నాలుగోనాడే మా కోడిపెట్ట గీకి పారేసింది. నేను చూసేటాలకు వడియమోలె ఎండింది. నువ్వు రోజూ పిల్లనెత్తుకోని ఇంత దూరం వస్తివి, ఆ కొమ్మ దిక్కు చూస్తే నీ మొఖం... ఏమని చెప్పాలె? సుజాత ఇంటిది ఎండితే ఆ రోజంత అన్నం తినలేదట నువ్వు. మా ఆయనతోని చెప్పి గీ కొడిశ తెప్పించి గుచ్చిన. తప్పైంది పో. తిట్టు."

"నాలుగోనాడా?" అన్నది దుర్గ.

"అవ్, నాలుగోనాడే."

అంటే రెండు వారాలు. రెండు వారాలుగా ఆమె రోజూ వచ్చి చూసి ధైర్యం తెచ్చుకున్నది అడవిలో ఎక్కడ పడితే అక్కడ మొలిచే కొడిశ. అసలు కొమ్మ ఎప్పుడో పెంటకుప్పలో కలిసిపోయింది. ఆ రెండు వారాలూ తను అన్నం తిన్నది, నిద్రపోయింది. పిల్ల? పిల్ల కొత్తగా "కోలి, కోలి" అనడం నేర్చుకుంది. ఇదిగో ఇప్పుడు కూడా చంక దిగి, ఏ కోడిపెట్ట అయితే కొమ్మను గీకి చంపిందో దాని వెంటే గునగునా పరుగెత్తుతోంది. అది రెక్కలు కొట్టుకుంటూ పారిపోతుంటే పడీ లేచీ నవ్వుతోంది.

దుర్గ అక్కడే అరుగు మీద కూర్చుంది. ఏడుస్తుందనుకుని ద్వాలి చేతులు కొంగుకు తుడుచుకుంటూ దగ్గరికొచ్చింది. దుర్గ భుజాలు కదులుతున్నాయి. ముఖం చూస్తే నవ్వుతోంది. నవ్వు ఆగక పొట్ట పట్టుకుంది.

"బియ్యం కడిగిన నీళ్లా!" అన్నది ఊపిరాడక. "కొడిశకు బియ్యం కడిగిన నీళ్లు పోస్తున్నవా!"

"మరి నువ్వడిగితే ఏదో ఒకటి చెప్పాలె గదా!"

బొజ్జయ్య కూడా నవ్వాడు, బీడీ దగ్గుతో కలిపి. ద్వాలికి ముందు కోపం వచ్చి, తర్వాత ఆమెకూ నవ్వొచ్చింది. నవ్వులన్నీ తగ్గాక దుర్గ కళ్లు తుడుచుకుంది. ఆ కళ్లలో కొంచెం నీళ్లు నవ్వువి కావు.

"ఇంకోటి ఇస్త తియ్. ఈసారి చుట్టూ ముళ్లకంప పెట్టు."

"రోజూ వస్తవా చూడనీకి?"

దుర్గ ఆలోచించింది. రానని చెప్పబోయింది గానీ, అంత ధైర్యం తనలో ఉందో లేదో తెలియలేదు. "వచ్చినప్పుడు వస్త" అన్నది.

తిరిగి వచ్చేటప్పుడు చెరువుగట్టు మీద బద్యా అలవాటు ప్రకారం కవరు ఎత్తి చూపించాడు. ఆమె దూరం నుంచే చెయ్యి ఊపి ముందుకు నడిచింది. హోటలు దగ్గర ఆగలేదు. మధ్యాహ్నం ఎండ తగ్గి మబ్బు కమ్ముతోంది. పిల్ల బరువుగా ఉంది. పదకొండు కిలోల బరువు చంకలో ఎంత ఉంటుందో ఆమె మొదటిసారి గమనించింది.

ఇంటికొచ్చేసరికి రామక్క వాకిట్లోనే ఎదురొచ్చింది.

"ఊరంత తిరుగుతున్నవ్ గని, నీ మోడును చూసినవా? చిగురేసి నాలుగు రోజులాయె. కింద మూడు చోట్ల పచ్చగ. నువ్వు చూసే ఉంటవనుకున్న."

చూడలేదు. వానలు పడ్డాక నీళ్లు పోసే పని కూడా లేక, వాకిళ్లు తిరిగే హడావిడిలో నాలుగైదు రోజులుగా పెరట్లోకి పోవడమే మరిచిపోయింది. దుర్గ కాళ్లు ఇంటి పక్కకు మళ్లాయి. జానకి ఆమె చెవి పట్టుకుని లాగింది.

"బువ్వ" అన్నది.

దుర్గ ఆగింది.

"చూస్త అత్తా" అన్నది, పిల్లను దించి కంచం అందుకుంటూ. "ముందుగాల దీనికింత బువ్వ పెట్టనీ."